అంబాసిడర్‌కి కరెంటు ఫ్యాన్ పెట్టించే ముందు డైనమో సంగతి చూడండి

ప్రశ్న: మాది ఖమ్మం. నాన్నగారి 1978 అంబాసిడర్ మార్క్ 3 పెట్రోల్ బండి ఇప్పుడు నేను నడుపుతున్నాను. హైవే మీద ఎంత దూరమైనా బాగానే పోతుంది. విజయవాడ ఊళ్ళోకి వచ్చి ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం టెంపరేచర్ సూది పైకి ఎక్కేస్తుంది, పోయిన ఎండాకాలం రేడియేటర్ పొంగింది కూడా. పాత ఫ్యాన్ పీకేసి మారుతి 800 రేడియేటర్ ఫ్యాన్ పెట్టేద్దాం, అరపూట పని, మైలేజీ కూడా పెరుగుతుంది అంటున్నాడు మా మెకానిక్. బండికి ఇంకా పాత డైనమోనే ఉంది. తర్వాత ఏసీ కూడా పెట్టించాలని ఉంది. ఫ్యాన్ మార్పించమంటారా?

జవాబు: మార్పించవచ్చండి, కానీ మీ మెకానిక్ చెప్పిన వరుసలో వద్దు. ముందు రేడియేటర్ బాగుచేయించాలి, తర్వాత బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీసి, అదే పని ఇంకా బాగా చేసే ఆల్టర్నేటర్ పెట్టించాలి, ఆ తర్వాతే ఫ్యాన్. డైనమో అలాగే ఉంచి కరెంటు ఫ్యాన్ పెడితే బండి కాగడం తగ్గుతుందేమో గానీ రాత్రిపూట ట్రాఫిక్‌లో బ్యాటరీ దిగిపోయి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది ఫ్యాన్ పనిలా కనిపిస్తుంది గానీ నిజానికి ముప్పాతిక వంతు వైరింగ్ పని.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ఒకటుంది. హైవే మీద బాగానే ఉంటుంది, ట్రాఫిక్‌లోనే కాగుతుంది అన్నారు. బండి ఎక్కడ కాగుతోందన్నదే సగం రోగ నిర్ధారణ. యాభై అరవై స్పీడు దాటాక ముందు గ్రిల్‌లోంచి వచ్చే గాలే రేడియేటర్‌కి సరిపోతుంది, అక్కడ ఫ్యాన్ ఉన్నా లేకపోయినా పెద్ద తేడా ఉండదు. కాబట్టి హైవే మీద కాగే బండికి ఎంత మంచి ఫ్యాన్ పెట్టినా డబ్బు దండగే, ఆ జబ్బు రేడియేటర్ గొట్టాలు పూడుకుపోవడంలోనో, ఇగ్నిషన్ టైమింగ్‌లోనో, హెడ్ గాస్కెట్‌లోనో ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు మాత్రమే కాగుతోందంటే గాలి చాలడం లేదని అర్థం, లేదా రేడియేటర్ కొంత పూడిపోయి హైవే గాలికి ఎలాగోలా నెట్టుకొస్తూ, గాలి తగ్గగానే చేతులెత్తేస్తోందని అర్థం. మీ బండి వయసు చూస్తే రెండూ కొంచెం కొంచెం ఉంటాయనే నా అనుమానం.

మీ ఇంజన్ 1489 సీసీ బీఎంసీ ఇంజన్. దాని ఫ్యాన్ వాటర్ పంప్ పుల్లీకి నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది, బెల్టుతో పాటు తిరుగుతుంది. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే ఫ్యాన్ అంత వేగం. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఇంజన్ ఏడెనిమిది వందల ఆర్‌పీఎం మీద ఉంటుంది, అంటే గాలి బాగా కావాల్సిన చోటే ఫ్యాన్ బద్ధకంగా తిరుగుతుంది. మూడు వేల ఆర్‌పీఎం మీద హైవేలో పోతున్నప్పుడు అదే ఫ్యాన్ నాలుగు రెట్లు గాలి లాగుతుంది, కానీ అక్కడ అది అక్కర్లేదు. పైగా ఫ్యాన్ వేగం రెండింతలైతే గాలి రెండింతలే అవుతుంది గానీ అది ఇంజన్ నుంచి తినే శక్తి ఎనిమిదింతలవుతుంది. కరెంటు ఫ్యాన్‌లో ఉన్న అసలు గొప్ప ఇక్కడే ఉంది, ఇంజన్ వేగంతో దానికి సంబంధం లేదు, ఐడిల్‌లో కూడా పూర్తి వేగంతో తిరుగుతుంది, అక్కర్లేనప్పుడు ఆగిపోతుంది. కాబట్టి మీ మెకానిక్ ఆలోచన తప్పు కాదు, మీ బండి జబ్బుకి ఇది సరైన మందే.

మైలేజీ గురించి మాత్రం ఆశ పెట్టుకోకండి. కొంచెం తేడా ఉంటుంది, అంతే. కరెంటు ఫ్యాన్ తినే కరెంటు కూడా చివరికి ఇంజన్ బెల్టు నుంచే రావాలి కదా. కార్బురేటర్ ట్యూనింగ్, టైర్లలో గాలి సరిగ్గా చూసుకుంటే అంతకంటే ఎక్కువ మిగులుతుంది. చప్పుడు తగ్గడం, పొద్దున్నే ఇంజన్ త్వరగా వేడెక్కడం, వాటర్ పంప్ బేరింగ్ మీద బరువు తగ్గడం, ఇవి నిజమైన లాభాలు.

ఇక డైనమో. మీ కాలం అంబాసిడర్‌కి వచ్చిన లూకాస్ రకం డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్లు. అది కూడా ఇంజన్ బాగా తిరుగుతుంటేనే. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డ్యాష్‌బోర్డ్ మీద ఎర్ర లైటు మిణుకుమంటుంది చూడండి, ఆ క్షణంలో డైనమో నుంచి బ్యాటరీకి ఏమీ రావడం లేదని అది చెప్తోంది. సరిగ్గా ఆ క్షణంలోనే కదా మనకి ఫ్యాన్ తిరగాలి! అంటే ఫ్యాన్ తిరిగిన ప్రతిసారీ మొత్తం బ్యాటరీ మీదే తిరుగుతుంది. చిన్న ఫ్యాన్ అయినా 8 నుంచి 10 ఆంపియర్లు లాగుతుంది, మీ ఇంజన్‌కి సరిపడే కాస్త పెద్దదైతే 15 దాకా పోతుంది, స్టార్ట్ అయిన క్షణంలో అయితే దానికి రెండు మూడు రెట్లు. రాత్రి హెడ్‌లైట్లకి 60 వాట్ల హాలోజెన్ బల్బులు రెండు వేసి ఉంటే వాటికే 10 ఆంపియర్లు, ఇగ్నిషన్ కాయిల్‌కి 3 లేక 4, వెనక లైట్లు, మీటర్ లైట్లకి ఇంకో 2, వానొస్తే వైపర్‌కి ఇంకో 3. ఫ్యాన్ లేకుండానే 18, 19 అయిపోయింది. డైనమో పూర్తి వేగంలో ఇచ్చేదే 22. ఈ లెక్క ఒక కాగితం మీద రాసి మీ మెకానిక్‌కి చూపించండి, ఆయన కూడా కాదనలేడు.

డైనమో మార్చే ఉద్దేశం అసలు లేకపోతే, పాత బండిని పాతగానే ఉంచుకోవాలనుకుంటే (అదీ నాకు నచ్చే ఆలోచనే, నాన్నగారి బండి కదా), కరెంటు ఫ్యాన్ జోలికి వెళ్ళకండి. రేడియేటర్‌కి కొత్త కోర్ (గొట్టాలూ రేకులూ ఉన్న మధ్య భాగం) వేయించుకుని, ఎక్కువ రెక్కలున్న ఫ్యాన్ ఒకటి అదే పుల్లీకి సరిపోయేది చూసుకుని, ఫ్యాన్ చుట్టూ రేకుతో కౌలింగ్ చేయించుకోండి. కౌలింగ్ లేకపోతే ఫ్యాన్ రేడియేటర్‌లోంచి లాగాల్సిన గాలిలో చాలా భాగం పక్కలనుంచి, ఇంజన్ వైపు వేడి గాలిలోంచే లాగేస్తుంది. ఈ ఒక్క రేకు పనితో ట్రాఫిక్‌లో కాగడం తగ్గిన బండ్లు నేను చాలా చూశాను. ఎవరూ దీన్ని సీరియస్‌గా తీసుకోరు, ఎందుకంటే ఇందులో కొత్త వస్తువు కొన్నామన్న తృప్తి లేదు.

ఏ దారిలో వెళ్ళినా మొదటి పని రేడియేటరే. బోరు నీళ్ళు పోసిన రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి ఉప్పు పొర పేరుకుపోతుంది, మన వైపు బోరు నీళ్ళ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపేసి, రేడియేటర్ కోర్ మీద అక్కడక్కడా చెయ్యి పెట్టి చూడండి, జాగ్రత్తగా. ఒక చోట బాగా వేడిగా, పక్కనే చల్లగా ఉందంటే ఆ చల్లని చోట నీళ్ళు పారడం లేదు. వేడి కొలిచే గన్ ఉంటే ఇంకా తేలిక. మీది ఇత్తడి రేడియేటర్, విజయవాడ ఆటోనగర్‌లో ట్యాంకు ఊడదీసి గొట్టాల్లో సన్న రాడ్లు పోనిచ్చి శుభ్రం చేసి మళ్ళీ అతికించే షాపులు ఉన్నాయి, మరీ పాడైతే కోర్ మార్పించేయడం మంచిది. అప్పుడే మూత కూడా కొత్తది వేయండి. మూతలో స్ప్రింగు బలం తగ్గితే ప్రెషర్ నిలవదు, నీళ్ళు ముందే మరుగుతాయి. కింద హోస్ పైపు కూడా చూడండి, లోపల స్ప్రింగు తుప్పుపట్టి పోతే ఇంజన్ రేజ్ చేసినప్పుడు ఆ పైపు లోపలికి పీల్చుకుపోయి నీళ్ళు ఆగిపోతాయి.

ఇంకొకటి, ఇది తప్పకుండా చూడాలి. థర్మోస్టాట్ వాల్వ్ ఉందా? ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపేది అదే. మన దగ్గర బండి కాగుతోందనగానే మొదట చేసే పని ఆ వాల్వ్ పీకి అవతల పారేయడం. పాత అంబాసిడర్లలో చాలావాటికి అది ఉండదు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు త్వరగా అరిగిపోతాయి. కరెంటు ఫ్యాన్ పెట్టాక వాల్వ్ ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఫ్యాన్ స్విచ్ ఏ వేడి దగ్గర ఆన్ కావాలన్న లెక్క అంతా వాల్వ్ తెరుచుకునే వేడిని బట్టే ఉంటుంది. 82 డిగ్రీల వాల్వ్ వేయండి. ఉత్త నీళ్ళు కాకుండా కూలెంట్, శుద్ధమైన నీళ్ళు సగం సగం కలిపి పోయండి. మరుగు స్థానం పెరుగుతుంది, ఉప్పు పట్టదు.

ఇవన్నీ అయ్యాక బండిని ఒకసారి మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నడిపి చూడండి. నిజంగా చెప్తున్నాను, ఇక్కడితోనే సమస్య తీరిపోయే అవకాశం బాగా ఉంది. అప్పుడు మిగతాదంతా అక్కర్లేదు. సూది ఇంకా ఎక్కుతుంటే ముందుకి వెళ్దాం.

ఆల్టర్నేటర్. తర్వాతి అంబాసిడర్లకి కంపెనీ నుంచే ఆల్టర్నేటర్ వచ్చింది, ఇదే ఇంజన్ మీద, కాబట్టి దాని బ్రాకెట్‌తో సహా దొరికితే పని సగం తగ్గిపోతుంది. 35, 36 ఆంపియర్లది వద్దు. రాసి ఉన్న ఆంపియర్లు ఇంజన్ బాగా తిరిగినప్పటివి, ఐడిల్‌లో అందులో సగమో, అంతకంటే తక్కువో వస్తుంది. 36 ఆంపియర్లది ఐడిల్‌లో 18 ఇచ్చిందనుకున్నా రాత్రిపూట లైట్లకీ కాయిల్‌కీ సరిపోతుంది గానీ ఫ్యాన్‌కి మిగలదు. 55, 65 ఆంపియర్లది తీసుకోండి, రెగ్యులేటర్ లోపలే ఉన్నది. అప్పుడు డైనమో ఛార్జింగ్‌ని అదుపు చేసే పాత కటౌట్ బాక్స్‌కి పని ఉండదు, దాన్ని సర్క్యూట్‌లోంచి తప్పించాలి. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి కొత్తగా లావు వైరు వేయించండి, నలభై ఏళ్ళ నాటి పాత వైరు మీద ఆ కరెంటు పంపించకండి. డ్యాష్‌బోర్డ్‌లో ఛార్జింగ్ ఎర్ర లైటు బల్బు తప్పకుండా వెలిగేలా ఉండాలి, చాలా ఆల్టర్నేటర్లకి మొదట ప్రాణం పోసేది ఆ బల్బు ద్వారా వచ్చే కరెంటే, బల్బు మాడిపోతే ఛార్జింగే మొదలుకాకపోవచ్చు. ముందుగా బ్యాటరీ ఏ టెర్మినల్ బాడీకి కలిపి ఉందో కూడా చూడమనండి. చాలా పాత బ్రిటిష్ డిజైన్ బండ్లకి పాజిటివ్ బాడీకి ఉండేది. ఉల్టా కలిపితే ఆల్టర్నేటర్ డయోడ్లు ఆ క్షణమే కాలిపోతాయి.

ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికి వద్దాం. మారుతి 800 ఫ్యాన్ 796 సీసీ ఇంజన్ కోసం చేసింది, మీది దానికి దాదాపు రెండింతల ఇంజన్, ఖమ్మం ఎండలు. అది వద్దు. ఎస్టీమ్ లాంటి 1300 సీసీ బండి ఫ్యాన్, దాని ప్లాస్టిక్ కౌలింగ్‌తో సహా దొరుకుతుంది. మీ రేడియేటర్ కోర్ కొలతలు తీసుకెళ్ళి అందులో వీలైనంత ఎక్కువ భాగం కప్పే దాన్ని ఎంచుకోండి. పాత ఫ్యాన్ తీసేశాక రేడియేటర్‌కీ వాటర్ పంప్‌కీ మధ్య చోటు బాగానే ఉంటుంది, కాబట్టి ఇంజన్ వైపే, రేడియేటర్ వెనక, గాలి లాగేలా బిగించండి. గ్రిల్ వైపు ముందు పెట్టి గాలి నెట్టించడం తేలికే గానీ హైవేలో అదే ఫ్యాన్ గాలికి అడ్డం అవుతుంది. మోటార్ వైర్లు అటూ ఇటూ మారిస్తే ఫ్యాన్ ఉల్టా తిరుగుతుంది నిజమే, కానీ రెక్కల వంపు ఒక దిక్కుకే చేసి ఉంటుంది, ఉల్టా తిప్పితే గాలి బాగా తగ్గిపోతుంది. కోర్ లోంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి ఫ్యాన్‌ని కట్టేస్తారు కొందరు, ఆ కదలికకి రేకులు అరిగి కొన్నాళ్ళకి గొట్టం కారుతుంది, అలా చేయనివ్వకండి. రేడియేటర్ ఫ్రేమ్‌కి పట్టీలు వేయించి బిగించాలి.

పాత ఫ్యాన్ విప్పినప్పుడు ఒక చిన్న విషయం. ఆ నాలుగు బోల్టులే పుల్లీని కూడా పట్టి ఉంచుతాయి. ఫ్యాన్ మందం పోయింది కాబట్టి అవే బోల్టులు తిరిగి వేస్తే పొడవెక్కువై పూర్తిగా బిగుసుకోవు. పొట్టి బోల్టులు వేయాలి, లేదా వాషర్లు పెట్టాలి. బెల్టు అలాగే ఉంటుంది, వాటర్ పంప్, ఆల్టర్నేటర్ దాని మీదే కదా తిరగాలి.

స్విచ్ ఎక్కడ పెట్టాలన్న దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. మీ రేడియేటర్ ఇత్తడిది కాబట్టి దాన్ని బాగుచేయించేటప్పుడే పై ట్యాంకుకి మర ఉన్న ఇత్తడి బుష్ ఒకటి అతికించమనండి, అందులో థర్మో స్విచ్ (వేడిని బట్టి తనంతట తానే ఆన్, ఆఫ్ అయ్యేది) బిగించవచ్చు. 92 డిగ్రీలకి ఆన్ అయి 87కి ఆఫ్ అయ్యే రకం పై ట్యాంకుకి సరిపోతుంది. 82 కంటే తక్కువకి ఆన్ అయ్యే స్విచ్ పెడితే వాల్వ్ పూర్తిగా తెరుచుకోకముందే ఫ్యాన్ మొదలై ఇక ఆగదు. బుష్ అతికించడం కుదరక హోస్ పైపు కోసి మధ్యలో అడాప్టర్ పెడితే, దానికి రెండు వైపులా రబ్బరే కాబట్టి ఒక్క టెర్మినల్ స్విచ్‌కి ఎర్త్ దొరకదు. అడాప్టర్ నుంచి బాడీకి విడిగా ఎర్త్ వైరు వేయాలి. అది మర్చిపోయి ఫ్యాన్ తిరగడం లేదని మోటార్ మార్చేసిన వాళ్ళున్నారు.

రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) లేకుండా ఫ్యాన్ కలపనివ్వకండి. 40 ఆంపియర్ల రిలే, బ్యాటరీ పాజిటివ్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజ్ ద్వారా (ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గర ఉండాలి) రిలే 30వ కాలుకి, 87 నుంచి ఫ్యాన్‌కి, 86 ఇగ్నిషన్ స్విచ్ నుంచి, 85 థర్మో స్విచ్ ద్వారా ఎర్త్‌కి. వైరు 4 చదరపు మిల్లీమీటర్లది. రిలే కరెంటుని ఇగ్నిషన్ కాయిల్ వైరు నుంచి మాత్రం తీయకండి. తాళం తీసేస్తే ఫ్యాన్ ఆగిపోతుంది, అదే మంచిది, ఇంజన్ ఆగాక వాటర్ పంప్ తిరగదు కాబట్టి ఫ్యాన్ తిరిగినా పెద్దగా లాభం లేదు, బ్యాటరీ దిగుతుంది.

దీనితో పాటు డ్యాష్‌బోర్డ్ కింద ఒక చిన్న స్విచ్ పెట్టించండి, థర్మో స్విచ్‌కి సమాంతరంగా. థర్మో స్విచ్ పోయినా చేత్తో ఫ్యాన్ ఆన్ చేసుకోవచ్చు. ఫ్యాన్‌కి కరెంటు వెళ్తోందని చెప్పే చిన్న ఇండికేటర్ లైటు కూడా ఉంటే మనశ్శాంతి. పాత ఫ్యాన్‌తో ఒక సుఖం ఉండేది, బెల్టు తిరుగుతున్నంత సేపూ అది తిరుగుతుంది. కరెంటు ఫ్యాన్ చెప్పకుండా ఆగిపోతుంది. ఒక లగ్గు (వైరు చివర బిగించే ముక్క) వదులైనా, ఫ్యూజ్ పోయినా మీకు తెలిసేది సూది ఎర్ర గీత ఎక్కినప్పుడే. అందుకే టెంపరేచర్ మీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో ఈ పనిలోనే తేల్చుకోవాలి.

బిగించాక పరీక్ష ఎలా చేయాలంటే, ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం బండిని అరగంట ఐడిల్‌లో ఉంచండి, హెడ్‌లైట్లు వేసి, ఫ్యాన్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర వోల్టులు చూడండి. 13 పైన నిలబడితే ఛార్జింగ్ సరిపోతోంది. 12.5 కిందికి జారుతుంటే బ్యాటరీ తింటోంది, ఐడిల్ కొంచెం పెంచాలి, లేదా ఆల్టర్నేటర్ చిన్నదైంది. ఫ్యాన్ ఆన్ అయి, కాసేపటికి ఆఫ్ అయి, మళ్ళీ ఆన్ అవ్వాలి. అస్సలు ఆగడం లేదంటే స్విచ్ రేటింగ్ తప్పు, లేదా రేడియేటర్ ఇంకా శుభ్రపడలేదు. ఇదంతా చేస్తున్నప్పుడు బోనెట్ కింద చెయ్యి పెట్టే ముందు తాళం తీసేయండి, ఫ్యాన్ ఎప్పుడు మొదలవుతుందో దానికే తెలుసు.

ఏసీ సంగతి. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందు కూర్చుంటుంది, గాలికి అడ్డం, పైగా దాని వేడి కూడా రేడియేటర్ మీదికే వస్తుంది. ఏసీ పెట్టే ఉద్దేశం గట్టిగా ఉంటే కరెంటు ఫ్యాన్ తప్పదు, కోర్ కూడా మందమైనది వేయించుకోవాలి, ఆల్టర్నేటర్ 65కి తగ్గకూడదు. ఈ ఇంజన్ మీద ఏసీ కంప్రెసర్ భారం పడితే ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడుస్తుంది, అది తెలిసి పెట్టించుకోండి. నా సలహా అయితే ఒక ఎండాకాలం ఏసీ లేకుండా కొత్త ఫ్యాన్‌తో తిరిగి చూసి, సూది ఎక్కడ నిలబడుతోందో గమనించి ఆ తర్వాత నిర్ణయం తీసుకోవడం.

ఇది చదివే బొలెరో, జీపు వాళ్ళకి ఒక మాట. మీ బండిలో విస్కస్ కప్లింగ్ ఫ్యాన్ ఉంటే, అది వేడిని బట్టి తనంతట తానే పట్టు పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. బండి కాగుతోందంటే చాలాసార్లు లోపల సిలికాన్ ఆయిల్ కారిపోయి ఆ పట్టు పోయి ఉంటుంది. కప్లింగ్ మార్చుకోండి, అంతే. దాన్ని పీకేసి కరెంటు ఫ్యాన్ పెట్టాల్సిన అవసరం మీకు లేదు, బరువు లాగే డీజిల్ బండికి ఆ ఫ్యాన్ ఇచ్చేంత గాలి మామూలు కారు ఫ్యాన్ ఇవ్వలేదు.

చివరిగా, తీసిన పాత ఫ్యాన్‌నీ దాని నాలుగు బోల్టులనీ పాత ఇనుముకి వేసేయకండి. స్పానర్లతో పాటు డిక్కీలో ఒక గోనె సంచిలో ఉంచండి. దారిలో మోటార్ కాలిపోతే కరెంటు ఫ్యాన్ విప్పేసి, ఇంజన్ చల్లారాక పాతది పుల్లీకి బిగించుకుని ఖమ్మం చేరుకోవచ్చు.